సున్నపుతేట మళ్లీ తేరుకుంది, సీసా ఊపిరితిత్తులు ఉబ్బలేదు, గ్లోబులో చలికాలం రాలేదు: తప్పెక్కడ?

7బి సైన్స్ (ప్రశ్న)

ఏడో తరగతికి మానవ శరీరం, భూమి పాఠాలు వెంటవెంటనే వచ్చాయి. రెండింటికీ కలిపి మూడు ప్రయోగాలు పెట్టాం. మూడూ పుస్తకంలో ఉన్నట్టు రాలేదు. చేసింది చేసినట్టు రాస్తున్నాను, పొరపాటు ఎక్కడుందో తెలిసినవాళ్లు చెప్పండి.

మొదటిది సున్నపుతేట. తడిసున్నం నీళ్లలో కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచి, పైతేట వంచుకున్నాం. మూడు రోజులు మూత లేని బీకరులో ఉండిపోయింది, మీద పల్చటి తెల్లపొర కట్టింది. అందరికీ చాలదని ఒక వంతు తేటకి అయిదు వంతులు ఫిల్టర్ నీళ్లు కలిపాం. పరీక్షనాళికలో 10 మి.లీ. పోసి స్ట్రాతో ఊదితే పాలలా మారింది. బాగానే ఉంది. కానీ ఒకరు ఆపకుండా ఊదుతూనే ఉంటే రెండు మూడు నిమిషాలకి మళ్లీ నీళ్లలా అయిపోయింది. "వచ్చిన కార్బన్ డయాక్సైడ్ ఎటు పోయింది?" అని అడుగుతున్నారు.

రెండోది ఊపిరితిత్తుల నమూనా. 2 లీటర్ల ప్లాస్టిక్ సీసా అడుగు కోసేసి, మూతకి రంధ్రం పెట్టి, స్ట్రాలని వై ఆకారంలో అతికించి, రెండు కొనలకీ చిన్న బెలూన్లు కట్టాం. అడుగున పెద్ద బెలూన్ కోసి బిగించాం. కిందికి లాగితే లోపలి బెలూన్లు ఉబ్బాలి కదా, కాస్త కదిలి ఊరుకుంటున్నాయి.

మూడోది రుతువులు. బల్ల మధ్యలో బల్బు, దాని చుట్టూ 60 సెం.మీ. దూరంలో 30 సెం.మీ. గ్లోబు. నాలుగు చోట్లా ఉత్తర ధ్రువం బల్బు వైపే వంగి ఉంటోంది, అంటే ఏడాదంతా ఎండాకాలమే. పైగా పుస్తకంలో భూకక్ష్య కోడిగుడ్డులా సాగి ఉంది. "జనవరిలో సూర్యుడికి దగ్గరగా ఉంటాం అన్నారు, మరి ఆ నెలలో చలెందుకు?" అన్న ప్రశ్నకి నోటితో జవాబు చెప్పగలను గానీ గ్లోబుతో చూపించలేకపోతున్నాను.

కుప్పెగాజు

సున్నపుతేట సంగతి నేను చెబుతాను. మీ ప్రయోగం తప్పలేదండీ, పుస్తకం ఆపిన చోట ఆగకుండా ఇంకో మెట్టు ముందుకి వెళ్లింది, అంతే.

సున్నపుతేట అంటే నీళ్లలో కరిగిన కాల్షియం హైడ్రాక్సైడ్. దానికి కార్బన్ డయాక్సైడ్ తగిలితే నీళ్లలో కరగని కాల్షియం కార్బొనేట్ పుడుతుంది. ఆ సన్నటి రేణువులు నీళ్లలో తేలుతుంటే మనకి పాలలా కనబడుతుంది. ఊదడం ఆపకపోతే, అదనంగా వచ్చిన కార్బన్ డయాక్సైడ్ నీళ్లతో కలిసి ఆ కార్బొనేట్‌ని కాల్షియం బైకార్బొనేట్‌గా మార్చేస్తుంది. అది కరుగుతుంది. కాబట్టి తెలుపు పోతుంది. వాయువు ఎటూ పోలేదు, కరిగిన రూపంలో అక్కడే ఉంది.

దీన్ని పిల్లల కళ్ల ముందే రుజువు చేయొచ్చు. తేరుకున్న ద్రవాన్ని పారబోయకుండా, గట్టి గాజు నాళికలో పోసి సన్నటి సెగమీద వేడిచేయండి. మరుగుకి దగ్గరపడేసరికి బుడగలొచ్చి మళ్లీ తెల్లబడుతుంది. బైకార్బొనేట్ విడిపోయి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, కార్బొనేట్ మిగులుతుంది. నీళ్లు కాచే పాత్రల అడుగున కట్టే గట్టి తెల్లపొరలో ప్రధానంగా ఉండేది ఇదే.

ఇక మీ తేట అంత తేలిగ్గా ఎందుకు తేరుకుంది అన్నది అసలు విషయం. గది ఉష్ణోగ్రతలో లీటరు నీళ్లలో సున్నం కరిగేది 1.6, 1.7 గ్రాములే. ఆ గాఢతలో ఉన్న తాజా తేటని నోటిగాలితో ఎంత ఊదినా పూర్తిగా తేరుకోదు. పల్చబడినట్టు ఉంటుంది గానీ మసక పోదు. ఎందుకంటే మనం వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ 4 శాతమే, ఆ కొద్దిపాటి శాతంతో నీళ్లలో నిలిచే బైకార్బొనేట్‌కి ఒక హద్దుంది. మీరు ఆరింతలు పలచన చేశారు. దానికి తోడు మూడు రోజులు మూత లేకుండా ఉంది. మీద కట్టిన తెల్లపొర ఏమిటనుకున్నారు? గదిగాలిలోని కార్బన్ డయాక్సైడ్ మీకంటే ముందే వచ్చి ప్రయోగం చేసి పెట్టింది. ఆ పొర కాల్షియం కార్బొనేటే.

కాబట్టి రెండు సీసాలు పెట్టుకోండి. ఒకదాంట్లో గాఢమైన తేట: లీటరు నీళ్లకి 3 గ్రాముల తడిసున్నం చాలు, మిగిలింది అడుగున ఉంటుంది. వేడినీళ్లలో ఎక్కువ కరుగుతుందని కొందరు కాచి కలుపుతారు, అది పొరపాటు. చక్కెరలా కాదు, సున్నం చన్నీళ్లలోనే ఎక్కువ కరుగుతుంది. రాత్రంతా మూతపెట్టి ఉంచి, వడకాగితంలో వడకట్టి, మెడదాకా నింపి బిగించాలి. రెండో సీసాలో దాన్నే ఆరింతలు పలచన చేసింది. పాలలా మారడం చూపించడానికి మొదటిది, తేరుకోవడం చూపించడానికి రెండోది.

ఒక చిన్న లెక్క పిల్లల చేత చేయించండి, వాళ్లకి నచ్చుతుంది. 10 మి.లీ. గాఢమైన తేటలోని సున్నమంతా కార్బొనేట్ అవడానికి కావలసిన కార్బన్ డయాక్సైడ్ 5, 6 మి.లీ. మామూలుగా ఒక్కసారి వదిలే ఊపిరి 500 మి.లీ., అందులో 4 శాతం అంటే 20 మి.లీ. ఒక్క ఊపిరిలోనే అవసరానికి మూడింతలకి పైగా ఉందన్నమాట. అదే గదిగాలితో చేయాలంటే? గాలిలో అది 0.04 శాతం. సుమారు 14 లీటర్ల గాలి పంపాలి. అందుకే "మామూలు గాలిలోనూ కార్బన్ డయాక్సైడ్ ఉంది కదా" అని 50 మి.లీ. సిరంజితో ఒకసారి గాలి పంపి చూస్తే ఏమీ కనబడదు. పోలిక చూపించాలంటే అక్వేరియం పంపుతో ఎక్కువసేపు పంపాలి.

జాగ్రత్త ఒకటి ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. సున్నపుతేట బలమైన క్షారం. పొరపాటున పీల్చితే నోరు, గొంతు మండుతాయి. స్ట్రాకి పెదవులకి 3 సెం.మీ. దూరంలో సూదితో రెండు రంధ్రాలు పెట్టండి. ఊదేటప్పుడు వాటిని వేలితో మూయొద్దు, పొరపాటున పీల్చితే వాటిలోంచి గాలి వస్తుంది, ద్రవం నోటిదాకా రావడం కష్టం. కళ్లజోళ్లు తప్పనిసరి. పొడి రాతిసున్నం మాత్రం పిల్లల చేతికి అసలు ఇవ్వొద్దు, నీళ్లు తగిలితే సలసలా కాగుతుంది.

భూమి పాఠంలోకి వెళ్లే దారి కూడా ఇక్కడే ఉంది. వాననీరు గాలిలోంచీ, అంతకంటే ఎక్కువగా మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్ పట్టుకుని సున్నపురాతి పగుళ్లలోకి దిగుతుంది. రాయిని బైకార్బొనేట్‌గా కరిగించుకుని పోతుంది. ఇది మీ నాళిక తేరుకున్న మెట్టు. ఆ నీరు గుహ పైకప్పు దగ్గర చుక్కగా వేలాడినప్పుడు వాయువు గాలిలోకి వెళ్లిపోతుంది, కార్బొనేట్ మళ్లీ గట్టిపడుతుంది. ఇది మీరు వేడిచేసినప్పుడు తెల్లబడిన మెట్టు. గుహల్లో ఊడల్లా వేలాడే రాళ్లు ఇలా చుక్కచుక్కా పేరుకున్నవే. ఊపిరికీ గుహకీ ఒకటే రసాయనం.

పక్కటెముక

కుప్పెగాజు గారు చెప్పినదానికి ఒక్క మాట కలిపి సీసా దగ్గరికి వస్తాను. ఊపిరితిత్తులు ఆక్సిజన్‌ని కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తాయని చాలామంది పిల్లలు అనుకుంటారు. అవి మార్చవు, మార్పిడి చేస్తాయి. కార్బన్ డయాక్సైడ్ పుట్టేది శరీరంలోని కణాల్లో, గ్లూకోజ్ నుంచి శక్తి తీసేటప్పుడు. రక్తం దాన్ని ఊపిరితిత్తుల దాకా మోసుకొస్తుంది. ఊపిరి తీయడం వేరు, కణాల్లో జరిగే శ్వాసక్రియ వేరు. ఇంకొకటి: పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం, వదిలే గాలిలో సుమారు 16 శాతం. వదిలేది "కార్బన్ డయాక్సైడ్" మాత్రమే అని రాసిన జవాబుకి మార్కులు వేయకండి. ఆ 16 శాతం ఉంది కాబట్టే నోటితో నోటికి ఊపిరి ఊది మనిషిని బతికించగలుగుతున్నారు.

ఇప్పుడు సీసా. మీది 2 లీటర్లది, అదే మొదటి తప్పు.

కొత్త చిన్న బెలూన్ ఉబ్బడం మొదలవ్వాలంటే లోపలి గాలికీ బయటి గాలికీ మధ్య పీడనంలో సుమారు రెండు మూడు శాతం తేడా రావాలి. అడుగు కోశాక మీ సీసాలో లీటరున్నరకి పైగా గాలి ఉంటుంది. మూడు శాతం పీడనం తగ్గాలంటే ఆ గాలి దాదాపు 50 మి.లీ. వ్యాకోచించాలి. అడుగు పొరని 2 సెం.మీ. లాగితే పెరిగే చోటు ఎంతో చూడండి. 11 సెం.మీ. వ్యాసం ఉన్న శంకువు కాబట్టి 63 మి.లీ. అందులో 50 పీడనం తగ్గించడానికే ఖర్చయిపోయింది. రెండు బెలూన్లకి మిగిలింది 13. అందుకే కాస్త కదిలి ఊరుకుంటున్నాయి.

అరలీటరు సీసా తీసుకోండి. లోపల 400 మి.లీ. గాలి, మూడు శాతం అంటే 12 మి.లీ. మాత్రమే. 6.5 సెం.మీ. వ్యాసం, 3 సెం.మీ. లాగితే 33 మి.లీ. చోటు, 20కి పైగా బెలూన్లకి వెళ్తుంది. కళ్లకి బాగా కనబడుతుంది. బెలూన్లని ముందుగా నాలుగైదుసార్లు నోటితో పూర్తిగా ఊది వదిలేస్తే రబ్బరు మెత్తబడి ఇంకా తేలిగ్గా ఉబ్బుతాయి. ఇది మరిచిపోతే మిగతాదంతా సరిగ్గా చేసినా ఫలితం రాదు.

రెండో తప్పు గాలి కారడం. స్ట్రాకి బెలూన్ పెట్టి రబ్బరుబ్యాండ్ బిగిస్తే స్ట్రా నొక్కుకుపోతుంది, దారి మూసుకుంటుంది. బాల్‌పెన్ను గట్టి గొట్టం వాడండి. మూత రంధ్రం గొట్టం కంటే ఒక పిసరు చిన్నగా ఉండాలి. కాగిన మేకుతో పెట్టి, గొట్టాన్ని తోసి, చుట్టూ హాట్‌గ్లూ లోపలా బయటా పూయాలి. బొమ్మలు చేసే క్లే ప్లాస్టిక్‌కి అంటుకోదు, లాగగానే విడుస్తుంది. కోసిన అంచు పదునుగా ఉంటే రబ్బరు పొరని చీలుస్తుంది, అంచు చుట్టూ టేపు వేయండి.

పరీక్ష తేలిక: పొర కిందికి లాగి పది సెకన్లు అలాగే పట్టుకోండి. బెలూన్లు ఉబ్బినవి ఉబ్బినట్టే ఉంటే సీసా బిగువుగా ఉంది. చెయ్యి కదపకుండానే అవి నెమ్మదిగా ముడుచుకుంటే ఎక్కడో కారుతోంది. గొట్టం పైకొన వేలితో మూసి, సీసాని నీళ్లలో ముంచి పొరని లోపలికి నొక్కితే బుడగలొచ్చే చోటే దొంగ.

నమూనా పనిచేశాక, అది ఎక్కడ నిజం చెప్పదో కూడా పిల్లలకి చెప్పాలి. లేకపోతే తప్పుడు బొమ్మ జీవితాంతం తలలో ఉండిపోతుంది.

డయాఫ్రం, అంటే ఉదరవితానం, విశ్రాంతిలో ఉన్నప్పుడు గొడుగులా పైకి ఉబ్బి ఉంటుంది. సంకోచించినప్పుడు చదునవుతుంది. మామూలు ఊపిరికి అది దిగేది సుమారు 1.5 సెం.మీ. మాత్రమే. సీసాలో పొర విశ్రాంతిలో చదునుగా ఉండి కిందికి సాగుతోంది. శరీరంలో అలా జరగదు. సీసా గోడలు కదలవు, మన పక్కటెముకలు పైకీ బయటికీ లేస్తాయి. ఊపిరితిత్తి బోలు సంచీ కాదు, స్పాంజి లాంటిది. రెండింటిలో కలిపి వాయుగోణులు, అంటే గాలి నిండే అతిచిన్న సంచులు, 30 నుంచి 50 కోట్ల దాకా ఉంటాయి, అన్నీ పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు. అన్నిటికంటే పెద్ద తేడా బెలూన్ చుట్టూ ఉన్న ఖాళీ. ఛాతీలో ఖాళీ లేదు. ఊపిరితిత్తికీ ఛాతీగోడకీ మధ్య రెండు పల్చటి ప్లూరా పొరలు, వాటి నడుమ చెంచాడో రెండు చెంచాలో ద్రవం, అంతే. రెండు గాజుపలకల మధ్య నీటిచుక్క వేసి చూపించండి. ఒకదాని మీద ఒకటి జారతాయి, విడదీయబోతే రావు. ఛాతీగోడ కదిలితే ఊపిరితిత్తి వెంట రావడం అలాగే.

శరీరం బెలూన్ కంటే ఎంత సున్నితమో చూడండి. నెమ్మదిగా ఊపిరి పీల్చేటప్పుడు వాయుగోణుల్లో పీడనం తగ్గేది సుమారు ఒక సెంటీమీటరు ఎత్తు నీటి బరువంత. వాతావరణ పీడనం అదే కొలతలో 1033 సెం.మీ. వెయ్యోవంతు తేడాకే అర లీటరు గాలి లోపలికి వస్తుంది.

7బి సైన్స్

ఇద్దరికీ ధన్యవాదాలు. అరలీటరు సీసా, పెన్ను గొట్టాలతో మళ్లీ చేశాం. పది సెకన్ల పరీక్ష నెగ్గింది. కానీ ఒక బెలూన్ మాత్రమే బాగా ఉబ్బుతోంది, రెండోది ముడుచుకునే ఉంది. గొట్టం మూసుకుపోలేదు, ఊది చూశాం.

పక్కటెముక

అది లోపం కాదు, బెలూన్ల స్వభావం. నోటితో బెలూన్ ఊదేటప్పుడు మొదట్లో బలం ఎక్కువ పెట్టాలి, ఒక పరిమాణం దాటాక తేలికవుతుంది కదా. రెండూ ఒకే గొట్టానికి ఉన్నప్పుడు ఏది పిసరంత మెత్తగా ఉంటే అది ముందు ఆ మలుపు దాటుతుంది. దాటాక దానికి ఇంకా తక్కువ తేడా చాలు, గాలంతా అటే పోతుంది. రెండూ ఒకే ప్యాకెట్టువి, ఒకే రంగువి తీసుకుని సమానంగా ఊది మెత్తబరచండి. అయినా కాస్త తేడా ఉంటే ఉబ్బని బెలూన్‌ని మరో పదిసార్లు ఊదండి. చేతితొడుగు వేళ్లు కోసి వాడితే ఇంకా మంచిది, పల్చటి రబ్బరు కాబట్టి రెండూ దాదాపు సమానంగా నిండుతాయి.

ఇదే చిక్కు మన ఊపిరితిత్తుల్లో కోట్ల వాయుగోణులకి రావాలి. చిన్నవి ముడుచుకుపోయి వాటి గాలి పెద్దవాటిలోకి పోవాలి. అలా జరగకుండా లోపలి తడిపొర మీద సర్ఫాక్టెంట్ అనే పదార్థం ఉంటుంది. అది తడిపొర ముడుచుకోవాలని లాగే బలాన్ని (తలతన్యతని) తగ్గిస్తుంది, వాయుగోణి చిన్నదయ్యేకొద్దీ ఇంకా ఎక్కువ తగ్గిస్తుంది. నెలలు బాగా నిండకుండా పుట్టిన పిల్లలకి ఇది సరిపడా తయారై ఉండదు, ఊపిరి తీయడం కష్టమవుతుంది. అందుకే వాళ్లకి బయటినుంచి సర్ఫాక్టెంట్‌ని నేరుగా వాయునాళంలోకి ఇస్తారు. మీ సీసాలో ముడుచుకున్న ఆ రెండో బెలూన్‌ని చూపించి ఈ మాట చెప్పండి, పిల్లలు మరిచిపోరు.

అక్షాంశం

గ్లోబు దగ్గరికి వద్దాం. తప్పు ఒక్కటే: గ్లోబుని బల్బు చుట్టూ తిప్పుతూ, వంపు బాగా కనబడాలని స్టాండుని కూడా బల్బు వైపు తిప్పేస్తున్నారు. భూమి అలా చేయదు. దాని అక్షం 23.5 డిగ్రీలు వంగి, ఏడాది పొడుగునా ఒకే దిక్కుకి, ధ్రువ నక్షత్రం వైపు చూస్తుంది. తిరిగేది చోటు, దిక్కు కాదు.

గదిలో ఒక గోడ ఎంచుకుని దానిమీద పెద్ద చుక్క పెట్టండి. అది ధ్రువ నక్షత్రం. గ్లోబు ఎక్కడున్నా అక్షం పైకొన ఆ గోడ వైపే వాలాలి. చుక్క గోడకీ బల్బుకీ నడుమ గ్లోబు ఉంటే ఉత్తరం బల్బుకి దూరంగా వాలుతుంది, అది డిసెంబరు 21 లేదా 22. బల్బుకి అవతలి వైపు పెడితే బల్బు వైపు వాలుతుంది, అది జూన్ 21 ప్రాంతం. మిగతా రెండు చోట్లా అక్షం బల్బుకి పక్కవాటుగా ఉంటుంది, అవి మార్చి 20, 21, సెప్టెంబరు 22, 23 ప్రాంతాల్లో వచ్చే విషువత్తులు, అంటే పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే రోజులు. ఈ నాలుగు చోట్లూ నేలమీద సుద్దతో గుర్తుపెట్టాక, గ్లోబుని మోసే పిల్లవాడు ముఖం ఎప్పుడూ ఆ గోడ వైపే ఉంచి, పక్కకీ వెనక్కీ అడుగులేస్తూ చుట్టూ నడవాలి. ఒక్కసారి నడిస్తే చాలు, మాటలు అక్కర్లేదు.

రెండోది దూరం. మీ బల్బు 60 సెం.మీ.లో ఉంది, గ్లోబు వ్యాసార్ధం 15. అంత దగ్గరలో బల్బు వెలుగు గ్లోబులో సగం మీద పడదు. విషువత్తు రోజున భూమధ్యరేఖ మీద కూడా 12 గంటలకి బదులు 10 గంటల పగలే వస్తుంది. 2 మీటర్లకి జరిపితే 11 గంటలన్నర దాకా వస్తుంది, అది చాలు. షేడు లేని, పాలరంగు కాని చిన్న బల్బు వాడండి. బల్బు ఎత్తు గ్లోబు నడుముకి సరిగ్గా సమానంగా ఉండాలి. బల్ల మీద బల్బు, స్టాండు మీద గ్లోబు పెడితే వెలుగు కిందినుంచి పడి దక్షిణానికి ఎప్పుడూ ఎండాకాలమే అవుతుంది.

ఇప్పుడు లెక్కపెట్టండి. చాలా గ్లోబుల మీద రేఖాంశాలు 15 డిగ్రీలకొకటి ఉంటాయి, మొత్తం 24. అంటే రెండు గీతల మధ్య ఒక గంట. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం వెంట వేలు పెట్టి వెలుగులో ఉన్న ఖానాలు లెక్కపెట్టమనండి. జూన్ చోట 15 దగ్గరా, డిసెంబరు చోట 9 దగ్గరా వస్తాయి, విషువత్తుల్లో 12 దగ్గర. బల్బు దూరం వల్ల అర గంట తగ్గినా తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది. భూమధ్యరేఖ వెంట లెక్కపెడితే నాలుగు చోట్లా ఒకటే.

కక్ష్య బొమ్మ గురించి. పుస్తకాల్లో ఏటవాలుగా చూసినట్టు గీస్తారు కాబట్టి గుండ్రంగా ఉన్నది కోడిగుడ్డులా కనబడుతుంది. నిజానికి 10 సెం.మీ. వ్యాసార్ధంతో కంపాసుతో వృత్తం గీస్తే, భూకక్ష్య ఆకారానికీ దానికీ తేడా 0.014 మి.మీ. పెన్సిలు గీత మందంలో పోతుంది. తేడా ఆకారంలో కాదు, సూర్యుడు ఉన్న చోటులో ఉంది. ఆ బొమ్మలో సూర్యుణ్ని కేంద్రానికి 1.7 మి.మీ. పక్కన పెట్టాలి. ఈ ఒక్క బొమ్మ పిల్లల చేత గీయించండి, పాత బొమ్మ చెరిగిపోతుంది.

ఆ పక్కకి జరగడం వల్లే జనవరి మొదటి వారంలో 14.71 కోట్ల కి.మీ., జూలై మొదటి వారంలో 15.21 కోట్ల కి.మీ. దూరం. జనవరిలో భూమికి అందే ఎండ జూలై కంటే 7 శాతం ఎక్కువ. అయినా ఉత్తరార్ధగోళంలో చలి, అదే నెలలో దక్షిణార్ధగోళంలో ఎండాకాలం. దూరమే కారణమైతే రెండు చోట్లా ఒకేసారి ఎండాకాలం రావాలి. పిల్లవాడి ప్రశ్నకి ఇంతకంటే సూటి జవాబు లేదు.

దూరం ప్రభావం మరోచోట దొరుకుతుంది, క్యాలెండరులో. మార్చి 21 నుంచి సెప్టెంబరు 23 దాకా రోజులు లెక్కపెట్టమనండి: 186. సెప్టెంబరు 23 నుంచి మళ్లీ మార్చి 21 దాకా 179. సూర్యుడికి దగ్గరగా ఉన్నప్పుడు భూమి వేగంగా నడుస్తుంది, సెకనుకి సుమారు 30.3 కి.మీ., దూరంగా ఉన్నప్పుడు 29.3. ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1609లో చెప్పిన ఈ నియమం గోడమీద క్యాలెండరులో కనబడుతుంది.

గీతకాగితం

పై జవాబులో పగటి పొడవు వచ్చింది, ఎండ పడే కోణం గురించి నేను కలుపుతాను. రెండూ కలిస్తేనే రుతువు.

1 సెం.మీ. గళ్ల కాగితాన్ని అట్టకి అతికించండి. టార్చికి 15 సెం.మీ. నల్లకాగితం గొట్టం తొడిగి, కదలకుండా బిగించండి. మొదట కాగితం నిటారుగా ఎదురుగా పెట్టి వెలుగు పడిన గళ్లు లెక్కపెట్టాలి. తర్వాత వెలుగుదారికీ కాగితానికీ మధ్య 30 డిగ్రీలు వచ్చేలా కాగితాన్ని వంచాలి. మొదట 50 గళ్లు వస్తే ఇప్పుడు 100 దగ్గర వస్తాయి. అదే వెలుగు రెట్టింపు చోటికి పరుచుకుంది, కాబట్టి ఒక్కో గడికి సగమే. ఇక్కడ జరిగే పొరపాటు, కాగితాన్ని కాకుండా టార్చిని వంచడం. అప్పుడు దూరం మారిపోయి లెక్క చెడుతుంది. వంచే అట్ట మధ్యగీత మీద తిరగాలి, కింది అంచు మీద కాదు. గొట్టం లేకపోతే వెలుగు చెదిరి అంచు ఎక్కడో తెలియదు.

అక్షాంశం గారి 40 డిగ్రీలకే చూద్దాం. అక్కడ జూన్‌లో మధ్యాహ్నం సూర్యుడు 73.5 డిగ్రీల ఎత్తులో, డిసెంబరులో 26.5 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఒకే చదరపు మీటరు నేలమీద మధ్యాహ్నం పడే ఎండ జూన్‌లో రెండింతలకి పైగా. దానికి 15 గంటలు, 9 గంటల తేడా కలపండి.

జవాబు పత్రాల్లో తరచుగా వచ్చే ఇంకో తప్పు ఉంది: "వంగిన వైపు సూర్యుడికి దగ్గరవుతుంది కాబట్టి వేడి." ఇది వంపు గురించి చెబుతున్నట్టే ఉంటుంది, లోపల మళ్లీ దూరమే. భూమి వ్యాసమంతా కలిపి 12,742 కి.మీ., సూర్యుడి దూరం సుమారు 15 కోట్లు. పదివేలలో ఒక వంతు కూడా కాని తేడాతో రుతువులు మారవు. ఇలా రాసిన పిల్లలకి మార్కులు తీసేసి ఊరుకోకుండా, ఆ భాగహారం వాళ్ల చేతే చేయించండి.

7బి సైన్స్

గోడ వైపు ముఖం పెట్టి నడవడం అద్భుతంగా పనిచేసింది. జూన్ చోట 14న్నర ఖానాలు, డిసెంబరు చోట దాదాపు 9 వచ్చాయి. మిగిలింది ఒకటే ప్రశ్న, ఒక అమ్మాయి అడిగింది. జూన్ 21కి ఎండ ఎక్కువైతే, ఉత్తరాన చాలాచోట్ల జూలైలో ఎందుకు ఎక్కువ వేడి?

అక్షాంశం

ఆ అమ్మాయి ప్రశ్న చాలా బాగుంది. రోజులోనూ ఇదే జరుగుతుంది, అక్కణ్నుంచి మొదలుపెట్టండి. సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం 12 ప్రాంతంలో, వేడి ఎక్కువగా ఉండేది రెండు మూడు గంటలకి. వచ్చే వేడి తగ్గడం మొదలైనా, పోయే వేడి కంటే ఎక్కువగా ఉన్నంతసేపూ నేల ఇంకా వేడెక్కుతూనే ఉంటుంది. రెండూ సమానమైన క్షణమే అత్యధికం. ఏడాదిలోనూ అంతే. నేలమీద ఆ ఆలస్యం ఇంచుమించు నెల, సముద్రం పక్కన ఇంకా ఎక్కువ, నీరు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది కాబట్టి.

తరగతిలో చూపించాలంటే రెండు ఒకేలాంటి గిన్నెలు, ఒకదాంట్లో 200 గ్రాముల పొడి ఇసుక, రెండోదాంట్లో 200 గ్రాముల నీళ్లు. థర్మామీటరు మొన రెండింటిలోనూ ఒక సెంటీమీటరు లోతులోనే ఉండాలి, లోతు తేడా వస్తే ఫలితం తారుమారవుతుంది. 60 వాట్ల పాతరకం ఫిలమెంటు బల్బు 20 సెం.మీ. పైన, 15 నిమిషాలు వెలిగించి, ఆర్పేశాక మరో 15 నిమిషాలు, రెండేసి నిమిషాలకి రాసుకోవాలి. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు, వేడి చాలదు. బల్బు ఆర్పగానే ఇసుకలో పెట్టిన థర్మామీటరు ఒకటి రెండు నిమిషాలు ఇంకా పైకి పాకొచ్చు, పైపొర వేడి అప్పటికి ఇంకా కిందికి దిగుతూ ఉంటుంది. ఆ అంకెని కొట్టేయకుండా అలాగే రాయమనండి.